ఎడమ పక్క చీల

మెట్ల మలుపులో సోఫా ఇరుక్కుపోయింది. సోఫాకూ గోడకూ మధ్య ప్రభాకరన్ ఇరుక్కుపోయాడు.

పై నుంచి లాగుతున్న ఇద్దరు కూలీల పట్టు ఒక్కసారిగా జారింది. మూడు సీట్ల సోఫా పక్కకు ఒరిగింది. ఒక కొన మెట్ల కమ్మీకి తగులుకుంది, రెండో కొన ప్రభాకరన్ రొమ్ము మీద బిగుసుకుంది. కింది వైపు భుజం ఆనించి మోస్తున్న సెంథిల్ కూడా కదల్లేని స్థితిలో పడ్డాడు. అతను వదిలితే బరువంతా ప్రభాకరన్ మీదికి వస్తుంది. తోసినా అంతే.

"సీక్రం ఏమన్నా చేయండప్పా. ఊపిరి ఆడలే" అన్నాడు ప్రభాకరన్.

పై మెట్టు మీద ఇందుమతి నిలబడి ఉంది. కొత్త ఫ్లాటులో అప్పుడే పాలు పొంగించి వచ్చింది. ఇందాక పొయ్యి మీది పాలను ఎలా కనిపెట్టుకుని ఉందో, ఇప్పుడు కింద ఇరుక్కున్న ఇద్దరినీ అలాగే కనిపెట్టుకుని ఉంది. ప్రభాకరన్ ఆమె మేనమామ. సెంథిల్ ఆమె తండ్రి దగ్గర సోఫాల పని నేర్చుకున్నవాడు.

ఆ ఇద్దరిలో ఒకడు ఆమె తల్లిని చంపాడు. ఎవడో ఇంకొంచెం సేపట్లో తేలిపోతుంది.

ఆమె వెనక భర్త విమల్ తల పట్టుకున్నాడు. ఇంత చిన్న హాలుకు ఇంత పెద్ద సోఫా వద్దని షాపులోనే చెప్పానని, చెబితే విన్నదెవరని, వచ్చిన చుట్టాలందరికీ వినబడేలా అన్నాడు. ఈ సోఫా ఈ మలుపు తిరగదని ఇందుమతికి ముందే తెలుసు. టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది.

పోయిన వారం విమల్‌తో కలిసి కాట్పాడి రోడ్డులోని బాలసుబ్రమణ్యం ఫర్నిచర్ షాపుకు వెళ్లినప్పుడు ఇందుమతికి ఇలాంటి ఆలోచనే లేదు. సత్తువాచ్చేరిలో వాళ్లు కొన్న ఫ్లాటు చిన్నది. హాల్లో ఒక గోడ టీవీకి పోయింది, ఒకటి బాల్కనీ తలుపుకు పోయింది, ఇంకొక దాంట్లో వంటింటి దారి. సోఫాకు మిగిలింది ఒకే గోడ. గుడియాత్తం నుంచి ఇందుమతి తండ్రి రాజమాణిక్యం ఇక ఇక్కడే ఉండడానికి వస్తున్నాడు. పగలు నలుగురూ కూర్చోవాలి, రాత్రి ఆయన నడుం వాల్చాలి. అదీ అవసరం.

బాలసుబ్రమణ్యం పది మాటలు అడిగి హాలు మొత్తం కళ్లకు కట్టించుకున్నాడు. మూల తిరిగే సోఫా వేస్తే బాల్కనీ తలుపు తెరుచుకోదన్నాడు. చేతులు సన్నగా, కాళ్లు ఎత్తుగా ఉండేది తీసుకుంటే అడుగున నేల కనబడి గది పెద్దదిగా అనిపిస్తుందని, చీపురు కూడా సులువుగా దూరుతుందని చెప్పాడు. ముదురు రంగు వద్దన్నాడు. లాగితే మంచంలా పరుచుకునే రెండు సీట్ల సోఫా చూపించాడు. విమల్‌కు నచ్చింది. ఇందుమతికీ నచ్చింది. బిల్లు రాయడమే తరువాయి.

మూల ఒక మూడు సీట్ల సోఫా ఉంది. మొద్దు చేతులు, పొట్టి కాళ్లు, కొత్తగా తొడిగిన సిరా రంగు గుడ్డ. దాని పక్కగా పోతూ ఇందుమతి అలవాటుగా అడుగున చెయ్యి పెట్టింది. సోఫాలు చేసేవాడి కూతురు గుడ్డను చూడదు, చట్రాన్ని చూస్తుంది.

వేళ్లకు ఒక చిన్న మూట తగిలింది.

మోకాళ్ల మీద కూర్చుని అడుగు గుడ్డను పిన్నుతో కొంచెం చింపింది. పసుపు గుడ్డలో కట్టిన నవధాన్యాల మూట. ఇంటికి ద్వారబంధం నిలబెట్టేటప్పుడు కట్టే మూట లాంటిదే. కొనేవాళ్ల ఇల్లు నిండుగా ఉండాలని రాజమాణిక్యం తన ప్రతి చట్రానికీ ఒకటి కట్టించేవాడు. మూటలు కట్టేది భార్య పంకజమ్మ. కొసను మూడుసార్లు మెలితిప్పి లోపలికి దోపడం ఆమె పద్ధతి. ఈ కొసా అలాగే ఉంది.

ఇందుమతి చెయ్యి ఆగలేదు. సోఫా ఎడమ చేతి కిందికి పోయింది. అక్కడ బొటనవేలంత చెక్క చీల తగిలింది.

గుడియాత్తంలో నేతగాళ్ల ఇళ్లకు గుమ్మాలు ఇరుకు, మెట్లు ఇంకా ఇరుకు. అందుకే రాజమాణిక్యం సోఫాకు ఒక చెయ్యి ఊడి వచ్చేలా చేసేవాడు. చీల పీకితే చెయ్యి విడిపోతుంది, లోపలికి చేర్చాక మళ్లీ బిగించుకోవచ్చు. ఆ చీల ఎప్పుడూ కుడి పక్కే ఉండేది. ఒక్కసారి మాత్రం, ఒక కల్యాణ మండపానికి చేసిన సోఫాలకు, అక్కడి మెట్లు అటు తిరుగుతాయని ఎడమకు మార్చాడు. ఆ పని ఆయన ఒక్కడే చేశాడు. సెంథిల్ చెల్లెలి పెళ్లికని అణైకట్ పోయాడు. ప్రభాకరన్ యాత్ర బస్సులో రామేశ్వరం పోయాడు. వాళ్లిద్దరూ తిరిగి వచ్చాక చూపించి ఆశ్చర్యపరుస్తానని, అంతవరకు ఎవరికీ చెప్పవద్దని ఆయన కూతురికి ఫోను చేసి మురిసిపోయాడు.

చూపించే రోజు రాలేదు. ఆ వారమే ఆయన పని చేసే షెడ్డు కాలిపోయింది. మొగుడు లోపల నిద్రపోతున్నాడనుకుని పంకజమ్మ మంటల్లోకి పరుగెత్తింది. ఆయన అప్పుడు టీ అంగడిలో ఉన్నాడు.

వార్నీషు డబ్బాల పక్కన బీడీ పడేశాడని ఊరంతా తీర్పు చెప్పింది. రాజమాణిక్యం బీడీ పెండ్లాన్ని మింగిందని వీధిలో పిల్లలు సైతం అన్నారు. ఆర్పి వచ్చానని మొదట్లో చెప్పినవాడు, వినగా వినగా తన బీడీయేనని తనే నమ్మేశాడు. రెండేళ్లుగా ఉలి ముట్టలేదు.

సోఫాలు కూడా షెడ్డుతోపాటే బూడిద అయ్యాయనుకున్నారు అందరూ. కాని ఒకటి ఇక్కడ ఉంది, ఎక్కడా పొగ మరక కూడా లేకుండా. అంటే నిప్పుకు ముందే ఎవరో తాళం తీసి సరుకు దాటించారు. దొంగతనం కనబడకూడదని తర్వాత నిప్పు పెట్టారు. తాళం చెవులు ముగ్గురి దగ్గర ఉండేవి. ఒకడు ఆమె తండ్రి. మిగిలింది సెంథిల్, ప్రభాకరన్.

ఎక్కడిదని అడిగితే, ఎవరో బ్రోకరు టెంపోలో దించిపోయాడని, అంతకుమించి తెలియదని అన్నాడు బాలసుబ్రమణ్యం. ఇందుమతి రెండు సీట్ల సోఫా వద్దని, ఇదే కావాలని చెప్పింది. విమల్ ఎంత పోరినా వినలేదు. కోయంబత్తూరు కంపెనీ సరుకని అందరికీ చెప్పింది. గృహప్రవేశానికి ఇద్దరినీ పిలిచింది. మోసేటప్పుడు ఇద్దరినీ ఆ మలుపులోనే నిలబెట్టింది.

ఆమె కోపమంతా సెంథిల్ మీదే ముదిరి ఉంది. నిప్పు తర్వాత అతను ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీకి పోయి, పంకజమ్మ కర్మకు కూడా మొహం చూపించలేదు. మేనమామ అలా కాదు. బస్సు దిగి నేరుగా వచ్చి, అక్క నోట్లో రామేశ్వరం తీర్థం పోసి ఏడ్చాడు. బావను తన ఇంటికి తీసుకుపోయి ఇన్నాళ్లూ అన్నం పెట్టాడు. తాగినప్పుడు మాత్రం, నీ బీడీ నా అక్కను తినిందని ఎత్తిపొడిచేవాడట.

"రంపం తెండప్పా, సోఫా చెయ్యి కోసేస్తాం" అంటున్నాడు పైన ఉన్న కూలీ. విమల్ కింది ఫ్లాటు తలుపు తట్టమని పిట్టగోడ మీద నుంచి కేకలు పెడుతున్నాడు.

సెంథిల్ బరువు మోస్తూనే ఒక చేత్తో చట్రం తడుముతున్నాడు. అతని మొహం మారింది.

"ఇందక్కా, ఇది కోయంబత్తూరు సరుకు కాదు" అన్నాడు. "ఇది మన మేస్త్రి చట్రం. కుడి పక్క సీల ఉంటాది చూడు. పీకితే చెయ్యి ఊడొస్తాది."

కుడి చేతి కిందికి తన చెయ్యి చాచాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి వరకు చర్మం ముడతలు పడి నున్నగా మెరిసింది. కాలిన మచ్చ. మంటల్లోంచి పంకజమ్మను బయటికి లాగింది ఎవరో అప్పుడే బస్సు దిగినవాడని ఇందుమతి విన్నది, ఎవరని అడగలేదు. ఇప్పుడు అడగనక్కర్లేకపోయింది.

సెంథిల్ వేళ్లు వెతికి వెతికి ఖాళీగా వచ్చాయి. ఇక్కడేమీ లేదని, అయితే మనది కాదేమోనని గొణిగాడు.

దొంగ అయితే మేస్త్రి పేరు ఎత్తడు. చేతులు ఊడదీసి దాటించిన దొంగ అయితే కుడి పక్క వెతకడు. ఇందుమతి గుండెలో వారం రోజులుగా రగిలిన మంట ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక ఆగింది. తర్వాత మెల్లగా పక్కకు తిరిగింది.

అప్పుడే కమ్మీ కిర్రుమంది. సోఫా ఇంకొంచెం కిందికి జారింది. ప్రభాకరన్ మొహం కందగడ్డలా అయింది.

"కుడి కాదురా ఎర్రినాయాలా, ఎడమ పక్క. కింద నుంచి పైకి తొయ్యి" అని కసిరాడు ప్రభాకరన్.

సెంథిల్‌కు ఎడమ పక్క అందదు. ఇందుమతి మెట్లు దిగింది. కూలీలను బరువు పట్టి ఉంచమంది. సోఫా ఎడమ చేతి కింద చెయ్యి పెట్టింది. చీల అక్కడే ఉంది. దాని మీద బొటనవేలు ఆనించింది.

తొయ్యలేదు.

"తగిలిందా?" అన్నాడు ప్రభాకరన్. "తొయ్యమ్మా."

"నువ్వు ఆ వారమంతా రామేశ్వరంలో ఉంటివి గదా మామా" అంది ఇందుమతి. "ఈ సీల ఎడమ పక్క ఉండేది నీకెట్ల తెలిసె?"

తను ఏమన్నాడో ప్రభాకరన్‌కు అప్పుడు వినబడినట్టుంది. నవ్వబోయాడు, రొమ్ము మీద బరువు నవ్వనివ్వలేదు.

"బావ చెప్పినాడు" అన్నాడు. "ముందు దీన్ని తియ్యి. పండగ పూట మేనమామను ఇట్లనా నిలబెట్టేది?"

పైన అతని భార్య చిత్ర సారె తట్ట పట్టుకుని ఉంది. తట్టను కింద పెట్టింది. మొగుడి వైపే చూస్తూ, మెల్లగా, మీరు రామేశ్వరం పోలేదా అని అడిగింది. అతను ఆమెను చూడలేదు. చీల మీద ఉన్న బొటనవేలునే చూస్తున్నాడు.

కింద, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రాజమాణిక్యం కూర్చుని ఉన్నాడు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పులని సోఫా పైకి చేరేదాకా అక్కడే ఉంటానన్నాడు. గొట్టం లాంటి మెట్ల దారిలో మాటలు కిందికి బాగా దిగుతాయి. కుర్చీ జరిగిన చప్పుడు అయింది. చేతికర్ర మొదటి మెట్టు మీద తగిలింది.

"ఎవురమ్మా ఎడమ పక్కనేది?" ఆయన కింది నుంచే అడిగాడు. "ఆ సీల సంగతి నీకు తప్ప ఎవురికీ చెప్పలేదే నేను. ఆ సోపాలన్నీ కాలిపాయ గదా. యాడిది అది?"

"కాలిపోలేదు నాయనా. అమ్మ కట్టిన పసుపు మూటతో సహా ఇక్కడే ఉండాది."

కర్ర చప్పుడు ఆగింది.

"ఎవురు తీసుకపోయిరి?" అన్నాడు రాజమాణిక్యం.

ప్రభాకరన్ వద్దన్నట్టు తల ఊపాడు. ఇందూ, అమ్మా అని పెదవులు కదిలాయి. రెండేళ్లు తన తండ్రి ఆ ఇంట్లో ఏ మాటలు మింగుతూ అన్నం మింగాడో ఇందుమతికి గుర్తొచ్చింది. బొటనవేలు చీల మీద నుంచి తీసేసింది. మూడంతస్తుల వాళ్లకూ వినబడేలా గొంతెత్తింది.

"నీ బీడీ కాదు నాయనా. సోఫాలు దాటించింది, షెడ్డుకు నిప్పు పెట్టింది, అమ్మను కాల్చింది నీ బామ్మర్ది. ప్రభాకరన్."