ఆది లేకుండా కొన్న డిస్కు

నేను ఒక ఎస్ఎస్‌డీని, అంటే లాప్‌టాప్‌లో పెట్టే కొత్తరకం డిస్కుని. తెనాలిలో ఒక ఇంట్లో భోజనాల బల్ల మీద, పప్పు గిన్నెకీ పెరుగు గిన్నెకీ మధ్య పడి ఉన్నాను. నన్ను చూసుకుంటూ భార్యాభర్తలు అప్పటికి గంట నుంచి వాదించుకుంటున్నారు.

"ఇది పట్టే లాప్‌టాప్ ఒకటి కొంటే సరిపోయె గదా," అన్నాడు సుదర్శనం.

"బొత్తాం దొరికిందని చొక్కా కుట్టించుకుంటారా ఎవరైనా?" అంది సుభాషిణి.

నేను దుమ్ము దూరని గదిలో, మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషుల మధ్య పుట్టాను. చూయింగ్ గమ్ బిళ్లంత ఒళ్లు, ఒక అంచున బంగారు రంగు పళ్లు. ఓడెక్కి వచ్చి, ఈ ఊళ్లో ఒక కొట్టులో కొక్కేనికి వేలాడుతుంటే సుదర్శనం వచ్చాడు.

"ఏ సైజు కావాలండీ?" అన్నాడు కొట్టువాడు.

"లాప్‌టాప్ సైజే!"

ఆ ధీమా చూసి కొట్టువాడు నన్ను కొక్కెం నుంచి తీసి చేతికిచ్చేశాడు.

సుభాషిణి జాకెట్లు కుట్టి, వాటికి మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. డిజైన్లన్నీ ఆమె పాత లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. అది తెరుచుకునేలోపు కుక్కర్ మూడు కూతలు కూస్తుంది. రేపోమాపో ఆగిపోయేలా ఉంది. దాని డిస్కు మార్చాలనే సుదర్శనం నన్ను కొన్నాడు. శ్రావణం పది రోజుల్లోకి వచ్చింది, ఆమె నలభై జాకెట్లు ఒప్పుకుంది.

మూత తీసి చూస్తే లోపల పాత డిస్కు పేక కట్టంత ఉంది. ఆ గోతిలో నేను గంగాళంలో చెంచాలా గలగలలాడాను. నా పళ్లకు అందే గాడి అందులో అసలు లేనే లేదు. ప్యాకెట్ చించేశారు కాబట్టి కొట్టువాడు వెనక్కి తీసుకోడు.

"ఆది జాకెట్టు లేకుండా నేను గుడ్డకు కత్తెర పెట్టను. ఆ పాత డిస్కు ఊడదీసి జేబులో వేసుకెళ్తే ఏం పోయిందండీ?" అంది సుభాషిణి, పప్పు గిన్నె జరుపుతూ.

"లాప్‌టాప్‌లన్నీ ఒకటే అనుకున్నానే."

"వీడంతేనమ్మా," అంది అత్తగారు రత్తమ్మ, పెరుగు వడ్డించుకుంటూ. "పెళ్లిచూపులకి వచ్చి, నిన్ను చూడకుండానే తలూపాడు. ఏదో ఆ ఒక్కటీ కుదిరింది."

ఆదివారం మధ్యాహ్నం సుదర్శనం గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఆయనకు విడిగా ఒక లాప్‌టాప్ ఉంది. కొని రెండేళ్లు కాలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వడు, పేకాట ఆడుకుంటాడు. సుభాషిణి చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి దాని అడుగు మూత విప్పింది. లోపల ఒక గాడి ఖాళీగా ఉంది. టేపుతో దాన్ని కొలిచింది, నన్ను కొలిచింది, నమ్మకం చాలక మళ్లీ కొలిచింది. అప్పుడు నన్ను వాలుగా దూర్చి, మెత్తగా నొక్కి, మర బిగించింది. పుట్టాక మొదటిసారి నా ఒంట్లోకి కరెంటు వచ్చింది. సాయంత్రానికల్లా ఆమె నెమళ్లూ, ఏనుగులూ, మామిడిపిందెలూ పెన్‌డ్రైవ్ మీదుగా నాలోకి కాపురానికొచ్చేశాయి.

సుదర్శనం లేచి ముఖం కడుక్కుని వచ్చాడు. ఇంటిల్లిపాదికీ కాఫీ గ్లాసులు అందిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది సుభాషిణి:

"ఆ డిస్కు మీ లాప్‌టాప్‌లో చక్కగా పట్టిందండీ. అందుకని ఆ లాప్‌టాప్‌నే నా మిషన్ పక్కన పెట్టుకున్నాను. ఇక అక్కడే ఉంటుంది. మీ పేకాట పాతదాంట్లో ఎక్కించాను. ఇప్పుడే స్విచ్ వేసొచ్చాను, అది తెరుచుకునేలోపు అట్టా వాకింగ్‌కి వెళ్లి రండి."