మోకాలి రిపోర్టు

ఆ అమ్మాయి జట్టులో చేరిన రోజు నుంచీ కోచ్‌కు ఒకటే బెంగ, పెద్ద క్లబ్బువాళ్లు ఎప్పుడు ఎగరేసుకుపోతారోనని. ఇరవై ఏళ్లకే ఆమె బాస్కెట్‌బాల్ ఆట చూసి జనం వెర్రెత్తిపోయేవారు. అనుకున్నట్టే ఒక పెద్ద క్లబ్బు మేనేజరు ఒప్పందంతో దిగాడు. సంతకానికి ముందు ఆమె మోకాలికి స్కానింగ్ తీయించాడు. రిపోర్టు చూసి, సంతకం చేయించకుండానే ఒప్పందం కాగితాలు బ్యాగులో సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె మోకాలి నొప్పి సంగతి కోచ్‌కు ఏడాదిగా తెలుసు. గెలుపు యావలో బిళ్లలు మింగించి ఆడిస్తూ వచ్చాడు.

ఖాళీ కోర్టు పక్కన బెంచీ మీద ఆమె మోకాలి కట్టు విప్పుతూ అడిగింది.

"ఇక నన్నెవరూ తీసుకెళ్లరు సార్. మీ దగ్గరే ఉండిపోనా?"

"ఉండు తల్లీ," అన్నాడు కోచ్. ఆమె ముఖం చూసే ధైర్యం లేక, వంగి ఆ కట్టును మళ్లీ ఆమె మోకాలికి చుట్టసాగాడు.