సైంధవం

జములమ్మ పప్పుకుండ దింపి, పిడతలోంచి సైంధవ లవణం రాయి తీసి, గోటితో చిటికెడు పొడి గీకి కలిపింది. కలుపుతూ మగ్గం గుంట వైపు చూసింది. చీర అంచు సరిచూసుకుంటున్న బుచ్చన్న తలెత్తలేదు. చెబితే తినడు. డాక్టరు మాటంటే అతనికి అంత భయం.

కర్నూలు డాక్టరు అతని చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి చూసి, విడమరచి చెప్పాడు. ఒంట్లో మిగిలిన ఉప్పును గుర్దాలు మూత్రంలో బయటికి తొయ్యాలి. ఇతనివి తొయ్యలేకపోతున్నాయి. నిలిచిన ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది, నెత్తురు పోటెక్కుతుంది. నీరుపోయే దారిలేని చేనులో చౌడు తేలినట్టే గదా అనుకుంది జములమ్మ. ఆ రోజే ఉప్పుజాడీ పక్కింటి ఎంకమ్మకు ఇచ్చేసింది.

కాని చప్పిడి కూడు అతని గొంతు దిగలేదు. రొట్టె తుంచి, నోట్లో తిప్పి తిప్పి, కుక్కకు వేసేవాడు. పక్కటెముకలు తేలాయి, పాదాలు మాత్రం బూరెల్లా ఉబ్బాయి. మగ్గం మీద విసిరిన నాడె పడుగు దాటకుండా మధ్యలోనే ఆగిపోయేది. ఉప్పుతో పోతాడో ఆకలితో పోతాడో తెలియక ఆమె ఏడుస్తుంటే ఎంకమ్మే దారి చూపింది.

“శనివారం ఒక్కపొద్దునాడు ఉప్పు ముట్టం, సైంధవం ఏసుకుంటం. దేవుడే లెక్కవెట్టని దాన్ని డాక్టరు లెక్కవెడ్తడానే పిచ్చిదాన?”

అప్పట్నుంచి బుచ్చన్నకు కూడు సయించింది. ఇవాళ కూడా రెండు రొట్టెలు తిని వేళ్లు నాకాడు.

“ఉప్పిడిసినా నీ చేతి రుచి పోలేదే! ఎంకమ్మొదినా, జర నువ్వుగూడ నేర్సుకో.”

“నీ పెండ్లాం చెయ్యి గాదయ్యా గొప్పది, నీ ఆకలి,” అంది గడపలోంచి ఎంకమ్మ.

జములమ్మ కూడా నవ్వింది.

పొద్దు వాలేసరికి బుచ్చన్నకు రొప్పు పట్టుకుంది. తొక్కుడుకర్ర మీద కాలు నిలవలేదు. జములమ్మ, ఎంకమ్మ కలిసి అతన్ని గుంటలోంచి లేపి గోడకు ఆనించారు. పడుకుంటే ఊపిరాడదు. పొద్దున్నించీ మూత్రం దోసెడైనా రాలేదు.

“ఏందే గిది? ఉప్పు నాలికకు తగలనియ్యలే. నోరు గట్టుకున్న. ఇంకేం ఇడవాల్నే నేను?”

జములమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని పిసికింది. నొక్కిన చోటల్లా వేలిగుంట పడి, పూడకుండా అలాగే నిలిచింది. దేవుడు లెక్కపెట్టనిది గుర్దాలు లెక్కపెట్టాయని అప్పుడు అర్థమైంది.

“ఏడువకే,” అన్నాడతను రొప్పుతూనే. “నీ తప్పేముంది? డాక్టరు చెప్పినట్టే వండినవు గద.”

దీపాలు పెట్టేవేళకు రొప్పు ఆగింది. నిద్ర పట్టిందనుకుని ఆమె కదల్లేదు. ఎంకమ్మ వంగి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు ఉంచింది. తర్వాత జములమ్మ ఒళ్లోంచి పాదాలు మెల్లగా దించింది.

మగ్గం కొయ్యకు అతని నీలం తుండు వేలాడుతోంది. చెమట ఎండి, దాని మడతల వెంట తెల్లటి చారలు కట్టాయి.