అంచు దగ్గర బెజ్జం

కార్ఖానాలో అందరూ ఆమెను బెజ్జాలక్క అనేవారు. కొండల్లో దెబ్బలు తగిలినవాళ్లను కిందికి మోసుకొచ్చే స్ట్రెచర్లు అక్కడ తయారయ్యేవి. వాటి ఫైబర్ పలకలకు బోల్టుల బెజ్జాలు వేయడంలో ఆమెది ఇరవై ఏళ్ల చెయ్యి. వెనకాల చెక్క ఆనించందే డ్రిల్లు ముట్టుకునేది కాదు. అలా ఆనించకపోతే ఆవలి వైపు పొరలు పేలికలై లేస్తాయి.

కొత్త స్ట్రెచర్ నమూనా గీసింది ఆమె వదినే. అన్నభార్య, పేరున్న ఇంజనీరు. బరువు తగ్గించాలని పలకను కురచ చేసి, బెజ్జాన్ని అంచుకు బాగా దగ్గరగా పెట్టింది. పలకలోని ఫైబర్ పోగులన్నీ ఒకే దిక్కుగా పరిపించింది. బెజ్జాలక్క ఆ కాగితం చూసి పెదవి విరిచింది. బోల్టు అంచును చీల్చుకుని బయటికొచ్చేస్తుందని, టన్ను బరువు కూడా ఆపదని తేల్చేసింది.

"ఆడపడుచు సాధింపులు ఇంట్లోనే అనుకున్నా, ఇక్కడికీ వచ్చాయా?" అని వదిన నవ్వేసింది.

మర్నాడు పొద్దున్న యజమాని ఎదుటే పలకను యంత్రానికి బిగించి లాగించారు. ముల్లు టన్ను దాటింది. మరో రెండు వందల కిలోలు ఎక్కింది. బెజ్జాలక్క ముఖం చిన్నబోయింది. ఇంతలో ఫట్‌మని బోల్టు ముందున్న ముక్క ఊడి, ఎగిరి యంత్రం ముందున్న అద్దానికి కొట్టుకుంది. అంతకుముందు చిన్న కిర్రుమన్న చప్పుడైనా లేదు.

కావలసింది టన్నే కాబట్టి నెగ్గినట్టేనని యజమాని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తన అంచనా తప్పిందని బెజ్జాలక్క కూడా ఒప్పేసుకుంది. వదిన మాత్రం చీలిన పలక పట్టుకుని అక్కణ్ణుంచి కదల్లేదు.

"లెక్క సరిగ్గానే ఉంది," అంది చివరికి. "కానీ ఇది చెప్పాపెట్టకుండా పోయింది. పైన మనిషి ఉండగా ఇలా పోతే? దీనికి నేను సంతకం పెట్టను."

వారం ఆలస్యమవుతుందని యజమాని గొణిగాడు. ఆమె వినిపించుకోకుండా ఆడపడుచు వైపు తిరిగింది.

"ఎంత లోపలికి జరపమంటావు?"

"బోల్టు లావుకి కనీసం మూడింతలు. పోగులు కొన్ని ఏటవాలుగా కూడా వేయించు వదినా."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మళ్లీ గీశారు. వారం తిరక్కుండా రెండో పలక యంత్రం ఎక్కింది. టన్నూ నాలుగు వందల దగ్గర కిర్రుమంది. బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగింది. బోల్టు గోరంత జరిగింది కానీ పట్టు వదల్లేదు. యంత్రం ఆపి చూస్తే పలక ఇంకా ఒక్కటిగానే ఉంది. స్ట్రెచర్ మొత్తానికి పెరిగిన బరువు అరకిలో. యజమాని బోల్టు తీయించి, బెజ్జంలో వేలు పెట్టి తడిమి, ఇక అలాగే కానివ్వమన్నాడు.

సాయంత్రం ఇంట్లో అన్న, గెలిచిందెవరని ఆటపట్టించబోయాడు.

"లెక్క నెగ్గాక కూడా కాగితం చింపేసింది. మీ ఆవిడ గట్టిదన్నయ్యా," అంది బెజ్జాలక్క, వదిన వినేలాగే.