లివరు లేని కేబిను

నీలకంఠం ముప్పై మూడేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపాడు. తొంభై అడుగుల ఎత్తున, షెడ్డు కప్పు కింద వేలాడే కేబిన్లో కూర్చుని, కుతకుతలాడే ఉక్కు బానను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, చెప్పిన చోట దించేవాడు. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే కైలాసగిరి అడుగున నిలబడి, తలెత్తి రోప్‌వే తీగల కేసి చూసి, "ముందు ఆటోలో పైకెల్దాం. దిగీటప్పుడు దీన్లో దిగుదాం" అన్నాడంటే అనుమానించాలా వద్దా? భార్య జోగమ్మ మాత్రం సరేనని ఆటో ఎక్కేసింది.

ఈ చిక్కంతా పోయిన నెల రిటైర్మెంటు సభలో మొదలైంది. శాలువాలూ దండలూ అయ్యాక ఎవరో జోగమ్మకు మైకిచ్చి, "మీకేమైనా కోరికుందా అమ్మా?" అన్నారు. గాజులో గొలుసో అడుగుతుందనుకున్నారంతా.

ఆవిడ మైకును రెండు చేతులా పట్టుకుంది. "మా మావ ఇన్నేళ్లూ ఆకాశంలో ఏలాడి ఉజ్జోగం సేసినాడు. నాను కేరేజీ కట్టడమే గాని అక్కడెలాగుంటాదో సూడనేదు. ఫేక్టరీలోకి నన్ను రానివ్వరు గదా! మావ పక్కన కూకొని ఆ రోప్‌వేలో ఓపాలి ఏలాడాలనున్నాది."

హాలంతా చప్పట్లు. నీలకంఠం కూడా మైకు లాక్కుని, "దానిదేటుంది!" అన్నాడు. అబ్బో, ఆ ఫోజు చూడాలి.

దానిదేముందో ఆయనకే తెలుసు. తన క్రేన్లో అదే తొంభై అడుగుల మీద నిమ్మళంగా టీ తాగేవాడు, లివర్లు తన చేతిలో ఉన్నాయి కాబట్టి. పరాయివాడు నడిపే బండి ఎక్కాడా, ప్రాణం గిలగిల్లాడిపోయేది. సిటీ బస్సులో కూర్చున్నా తన కాలితో బ్రేకు తొక్కుతూనే ఉంటాడు. ఒకసారి శిష్యుడు అర్జునరావు క్రేను నడుపుతుంటే పక్కన నిలబడి, ఐదు నిమిషాలకే దిగొచ్చేశాడు. పొద్దున తిన్న ఉప్మా పడలేదని చెప్పాడు. అలాంటిది, గాల్లో వేలాడే పెట్టె, నడిపేవాడెవడో ఎక్కడో! ఈ సంగతి జోగమ్మకు తెలిస్తే ముప్పై మూడేళ్ల పరువు కొండ మీంచి దొర్లినట్టే.

అందుకని ఆయనొక ఉపాయం పన్నాడు. కొండ మీది పార్కు పెద్దది, చూడాల్సినవి బోలెడు. ఒక్కొక్కటీ నింపాదిగా చూపిస్తూ పోతే రోప్‌వే మూసేసే వేళవుతుంది. అప్పుడిక తన తప్పేముంది?

శివపార్వతుల విగ్రహాల ముందు దండం పెట్టించి, వాటిని ఎత్తాల్సి వస్తే ఎన్ని టన్నుల క్రేను కావాలో, తాళ్లు ఎక్కడ కట్టాలో అరగంట చెప్పాడు. పూల గడియారం దగ్గరైతే చతికిలబడ్డాడు. "గంట ముల్లు కదిలీదాకా సూడాలే. లేకపోతే పన్జేత్తందో లేదో ఎలా తెలుత్తాది?" బొమ్మరైలు రెండుసార్లు ఎక్కించాడు. అది నేల మీద పోయేదే గనక, వంకర వంకరకీ బ్రేకు తొక్కుకుంటూ ఓర్చుకున్నాడు. గులాబీల దగ్గర ప్రతి పువ్వునూ వాసన చూశాడు. ఏనాడూ ఇంట్లో మల్లెపువ్వును ముక్కు దాకా తేని మహానుభావుడు!

జోగమ్మకు అదంతా పండగే. రైతు బిడ్డ కదా, మట్టి పిసికి చూసింది, తోటమాలిని అడిగి పసుపు మందారం కొమ్మ ఒకటి సంపాదించి తడి గుడ్డలో చుట్టుకుంది. సముద్రం కేసి కట్టిన అరుగు దగ్గర నిలబడి దూరాన ఆగిన ఓడల్ని చూపించింది.

"అవి కదలవేటి మావా?"

"పోర్టులో బెర్తు కాళీ అవ్వాల గదా."

"నాను ఇంకేటో అనుకున్నాన్లే. వాటికీ దిగాలంటే బయమేమోనని" అంటూ మరమరాల మురీ మిక్చరు పొట్లం విప్పి ఆయన చేతిలో పోయసాగింది.

ఆయన రెండో అరచేతిని నేలకేసి తిప్పి అడ్డంగా కదిపాడు. ఆవిడ చటుక్కున ఆపింది. క్రేను భాషలో అది 'ఆపు'. షెడ్డు మోతలో మాటలు వినపడవు, కింద నిలబడి సిగ్నలిచ్చే గవర్రాజు చేతి సైగలే ఆయనకు దారి. లోడు క్షేమంగా దిగాక, నీలకంఠం పై నుంచి రెండుసార్లు గంట కొట్టేవాడు. ఆ సైగలే ఇంటికీ తెచ్చుకున్నాడు. నైటు డ్యూటీ చేసొచ్చి, చెవుల్లో ఇంకా హోరు తగ్గక, పళ్లెం ముందు కూర్చుని చూపుడువేలు కిందికి తిప్పితే 'వడ్డించు'. పైన ఇంకో అరచెయ్యి పెడితే 'మెల్లగా'. పప్పుచారు గరిటెను జోగమ్మ ఎన్నేళ్లు ఆ సైగల మీద నడిపిందో లెక్కలేదు.

మిక్చరు ఒక్కో గింజే నములుతున్నాడు నీలకంఠం. ఎండ వాలింది. జోగమ్మ పొట్లం కాగితం మడిచి లేచింది.

"ఆకరి ట్రిప్పు ఎన్నింటికో పొద్దున్నే అడిగీసినాను. ఇంకా పావుగంటున్నాది. లే."

ఇంకేం చేస్తాడు? లేచాడు. టికెట్లు కొన్నారు. గేటు దగ్గరి కుర్రాడిని అడిగాడు: "బాబూ, నడిపీవోడు మనకి కనిపిత్తాడా?"

"కనిపించడండీ. ఆయన మోటారు రూములో ఉంటాడు."

ఎదర ఊగుతున్న కేబిను, వెనక జనం. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నీలకంఠం పని. జోగమ్మ చెయ్యి వదిలేసి పక్కకు జరిగాడు.

"జోగీ, నువ్వెల్లిపో. నాను ఆటోలో వచ్చి కింద నిలబడతాను." తన టికెట్టు కూడా ఆవిడ చేతిలో పెట్టేశాడు. "నాకు బయమేత్తందే."

"నాకు తెల్దనుకున్నావేటి? బస్సులో నువ్వు తొక్కీ బ్రేకంతా నా కాలి మీదే గదా!"

నీలకంఠం సిగ్గుతో చితికిపోయాడు. "మరి మైకులో అడగడమెందుకే?"

"నువ్వు పైకెల్లినప్పుడల్లా నాను ఇంటికాడ దేవుడికి మొక్కుకొని కూకునేదాన్ని. ఓపాలి నీ పక్కన కూకోవాలనుండదా? ఎక్కు. నాను సిగ్నలిత్తాను."

ఎలా ఎక్కాడో ఆయనకే తెలీదు. తలుపు మూసుకుంది, కేబిను కదిలింది, కాళ్ల కింద నేల పోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద లేని లివర్ల కోసం వెతుకుతున్నాయి.

"కళ్లు తెరువు మావా. సిగ్నలు సూడకుండా లోడు దించీత్తావేటి?"

ఆ మాటకు కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. పక్కనే ఆయన వైపు తిరిగి జోగమ్మ, ఒళ్లో మందారం కొమ్మ, కుడి చూపుడువేలు కిందికి చూపి తిప్పుతోంది. పైన ఎడమ అరచెయ్యి. దించు. మెల్లగా. నీలకంఠం పిడికిళ్లు బిగిశాయి. లేని లివర్ని ఒక్క గీత జరిపాడు. కేబిను మెల్లగా దిగింది. ఇంకో గీత. ఇంకా దిగింది. గుండె దారిలో పడింది.

చెట్ల కొసలు దాటాయి. బీచి రోడ్డు మీద బళ్లు చీమల్లా పాకుతున్నాయి. జోగమ్మ సముద్రం కేసి తిరిగి నోరు తెరిచింది. "ఓలమ్మా! ఇదా మావా నువ్వు రోజూ సూసింది?"

"కాదే. అక్కడంతా పొగా నిప్పూను. నాను సూసింది కింద గవర్రాజు సెయ్యొక్కటే... సెయ్యి! జోగీ, నీ సెయ్యి ఆగిపోనాది!"

ఆవిడ పకపకా నవ్వి మళ్లీ వేలు తిప్పింది. కేబిను కింది స్టేషను గట్టును చేరబోతుండగా అరచేతిని నేలకేసి అడ్డంగా కదిపింది. కేబిను ఆగింది. నీలకంఠం పిడికిళ్లు విప్పాడు.

బయటికొచ్చాక ఆయనకు ఏదో వెలితిగా ఉంది. ఒక పని మిగిలిపోయింది. అటూ ఇటూ చూసి, రోడ్డు పక్కన ఐస్‌క్రీం బండి దగ్గరకు గబగబా నడిచి, బండివాడిని అడగనైనా అడక్కుండా దాని గంట రెండుసార్లు మోగించాడు.

"ఏటిచ్చీమంటారు బాబూ?" అన్నాడు బండివాడు.

"అదేటి మావా?" అంది జోగమ్మ. ఆ సైగలన్నీ తెలిసిన ఆవిడకు ఈ గంట సంగతి మాత్రం తెలీదు.

"లోడు సేమంగా దిగినాది, సిగ్నలు ఇచ్చినోల్లకి దండాలు అని."

జోగమ్మ కళ్లు చెమర్చాయి. కొంగుతో ఒత్తుకుని, కొమ్మను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ముప్పై మూడేళ్ల అన్నాలకి ఒక్కపాలీ కొట్టనేదు గదా నువ్వు! మల్లీ కొట్టు."

నీలకంఠం కొట్టాడు. బండివాడు వద్దంటున్నా కొడుతూనే ఉన్నాడు.