ఆరుంబావు

బెరిల్ చేతిలో కత్తి ఆగదు. బేరిపండును రెండు చెక్కలు చెయ్యాలి, వంపు మొనతో గింజలు తవ్వి పారెయ్యాలి, చెక్కల్ని కదిలే పట్టా మీదికి జార్చాలి. ఫిబ్రవరి ఎండకు ఫ్యాక్టరీ రేకులు కాగుతున్నాయి. డబ్బాల్లో పోసే పంచదార పాకం ఆవిరి జుట్టులో చేరి అట్టగడుతోంది. పదకొండేళ్ళుగా ఆమె వేళ్ళ నలుపు వదల్లేదు. చూపు మాత్రం పండు మీద కాదు, గోడ గడియారం మీద.

విక్టోరియా రాష్ట్రంలో చట్టప్రకారం బార్లు ఆరింటికి మూసేవారు. పని దిగిన మగవాళ్ళు ఉన్న కాసేపట్లోనే రాత్రంతా తాగాల్సింది తాగేవారు. గ్లాసులు ఖాళీ చెయ్యడానికి ఇంకో పావుగంట గడువు. ఆరుంబావుకు అందర్నీ వీధిలోకి తోసేసేవారు.

బెరిల్‌కు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి క్లారీ తాగి వస్తూ, కాలవ మీది ఒంటిపలక వంతెన దాటలేక నీళ్ళలో పడ్డాడు. ఎవరో బయటికి లాగారు. మర్నాడు తల్లి ఎట్టీ ఆయన చేతుల్లేని కోటుకి వెనక, నడుం దగ్గర, గుడ్డతో ఒక ఉంగరం కుట్టింది.

"ఇది పట్టుకో. ఇల్లు చేరేదాకా వదలకు," అంది కూతురితో.

రోజూ ఆరుంబావుకు బారు బయట నిలబడి ఆ ఉంగరం పట్టుకునేది, పదిహేడేళ్ళు వదల్లేదు. బడిలో పాటల బృందం, స్నేహితురాళ్ళ పుట్టినరోజులు, సినిమాకి రమ్మన్న లెస్ అనే కుర్రాడు, అన్నీ ఆ ఆరుంబావు కిందే నలిగిపోయాయి. తండ్రి దారంతా తిట్టేవాడు, ఏడ్చేవాడు, ఒక్కోసారి చెయ్యి విసిరేవాడు. ఆయనంటే ఆమెకు అసహ్యం. అయినా పలక మీదికి రాగానే వేళ్ళు తమంతట తామే బిగుసుకునేవి.

"ఏమే, ఇంకా గడియారంకేసే చూస్తున్నావ్?" పక్క బల్ల దగ్గర్నుంచి డల్సీ కేకేసింది. "ఇవాళ్టి నుంచి పదింటిదాకా బార్లు తెరిచే ఉంటాయిగా! మీ నాన్న అప్పటిదాకా లేస్తాడా? నాలుగ్గంటలు నీకు గవర్నమెంటువారి కానుక."

"పదింటికైనా వెళ్ళాలిగా."

"వెళ్దువుగానిలే. ముందు తల రుద్దుకో తల్లీ. నీ జుట్టుకి చీమలు పడతాయ్."

ఐదున్నర కూతకి బెరిల్ మొదటిసారి తిన్నగా ఇంటికి వెళ్ళింది. తల్లి భర్త కోసం మాంసం ముక్కలు, బంగాళాదుంపలు పళ్ళెంలో పెట్టి పైన ఇంకో పళ్ళెం బోర్లించింది. "పదింటికి వేడి చేద్దాంలే," అంది.

బెరిల్ నీళ్ళు కాచుకుని తలంటుకుంది. వెనక మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. ఆ వేళప్పుడు తోటల మీద ఎండ ఎర్రబడుతుందని ఆమెకు తెలియనే తెలియదు. తల్లి టీ తెచ్చి పక్కన చేరింది.

"ఎంత ఒత్తుగా ఉందే నీ జుట్టు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. చాలా హాయిగా అనిపించింది ఆమెకు. ఇలాంటి సాయంత్రాలు ఇంకెన్ని ఉంటాయో అనుకుంది.

ఏడున్నరవుతుండగా గేటు చప్పుడైంది. బారు ఓనరు టియర్నీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల పోలీసు.

"ఆరుంబావు కాగానే లేచాడమ్మా," అన్నాడు టియర్నీ. "కూర్చోవయ్యా క్లారీ, ఇక పదింటిదాకా మనదే అని అందరం చెప్పాం, నవ్వాం కూడా. 'మా పిల్ల బయట నిలబడుంటుంది' అన్నాడు. సగం గ్లాసు అక్కడే వదిలేశాడు."

బెరిల్ ఇంకా ఆరని జుట్టు కొసల నుంచి నీళ్ళు కారి గౌను తడుస్తోంది.

"మెట్టు మీద నిలబడి వీధి అటూ ఇటూ చూశాడు, చాలాసేపు. తర్వాత ఒక్కడే కాలవ వైపు నడిచాడు. నేను కూడా వెళ్ళాల్సింది..."

ఎట్టీ టీ కప్పు మెట్టు మీద పెట్టేసింది.

"పదింటికనుకున్నాను," అంది బెరిల్. "నేను పదింటికనుకున్నాను." రోజూ నాన్నను ఇంటికి చేర్చేది ఎవరో ఆయనకు తెలుసునని ఆమె ఈ పదిహేడేళ్ళలో ఒక్కనాడూ అనుకోలేదు.

పోలీసు లోపలికొచ్చి, మూతపెట్టిన పళ్ళెం పక్కన, కాలవలోంచి తీసిన తడి కోటు ఉంచాడు. ఎన్నోసార్లు పిగిలి, ఎన్నో రంగుల దారాలతో మళ్ళీ కుట్టుకున్న ఆ గుడ్డ ఉంగరం బల్ల అంచున వేలాడుతోంది, రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుని.