పచ్చబండి బ్రేకులు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు. నాచారంలో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర చాయ్ అమ్మే మల్లవ్వను అడిగినా చెబుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ మిషన్లకు కావాల్సిన పీసులు చేసే టూల్‌రూమ్‌లో పనిచేస్తున్నాను, ఇప్పుడు ఇన్‌చార్జిని. నా కింద పదకొండు మంది. వాళ్ళు లేత్ మీద తిప్పిన పీసును నేను చేతిలోకి తీసుకుని మైక్రోమీటర్ పెట్టేదాకా పాపం ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. కొలతలో వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పీసు చెత్తడబ్బాలోకి పోతుంది, చేసినవాడికి ఆ పూట తిట్లతోనే కడుపు నిండుతుంది. అలాంటి మనిషిని. పేరు పరంధామయ్య.

మా ఆవిడ రాజ్యం నాకు ఇద్దరు పెళ్ళాలని అందరికీ చెబుతుంది. రెండో ఆమె మా పచ్చబండి. ముప్పై ఏళ్ళ కిందటి జర్మనీ కారు. హబ్సిగూడలో ఒక డాక్టరుగారు దాన్ని తుక్కుకు వేసేస్తుంటే చూసి ఆగాను. ఊరికే ఒకసారి తలుపు తీసి వేశాను. బియ్యం బస్తా నేల మీద దించినట్టు, బరువుగా, మెత్తగా మూసుకుంది. ఆహా! ఈ తలుపు చేసినవాడెవడో కానీ వాడు నా మనిషి అనుకున్నాను. ఏడేళ్ళయింది, అప్పట్నుంచీ దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నాను.

చూసుకోవడం నేను, నడిపించడం ఆగయ్య. ఉప్పల్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో ఆయనకో రేకుల షెడ్డు ఉంది. అరవై దాటాయి. పాతకాలం ఫారిన్ బండ్ల ఇంజన్లు ఆయనకు వేళ్ళ మీద ఉంటాయి. పెద్ద గ్యారేజీలవాళ్ళు నా బండిని చూడగానే "పార్ట్స్ రావు సార్" అని చేతులు దులిపేసుకుంటారు. ఆగయ్య మాత్రం "జర ఆగు సారూ, సూద్దాం" అంటాడు. రెండు రోజులు చూస్తాడు, మూడో రోజు బండి నడుస్తుంది. సస్పెన్షన్ బుష్షులు మార్చాం, హెడ్‌లైట్లకు కొత్త వైరింగ్ వేశాం, సీట్ల కింద తుప్పంతా గీకి రంగేశాం. ఆదివారమైతే నేను అక్కడే. భోజనం కూడా ఆయన డబ్బాలోదే.

ఈ ఏడాది నాకు బ్రేకుల మీద మనసు పోయింది. అదే కంపెనీ పెద్ద బండికి వచ్చే వెడల్పాటి డిస్కులు, బ్రేకులు చెన్నైలో పాత సామాన్ల దుకాణంలో దొరికాయి, తెప్పించాను. తొందర కూడా ఉంది. బండి ఆర్.సి. గడువు అయిపోతోంది. శుక్రవారం పొద్దున ఆర్టీఏ వాళ్ళ దగ్గర తనిఖీకి స్లాట్ వచ్చింది. పాసైతే ఇంకో ఐదేళ్ళు రోడ్డు మీద తిరుగుతుంది. ఫెయిలై గడువు దాటితే అది ఇంటి ముందు నిలబడి తుప్పు పట్టాల్సిందే. ముప్పై ఏళ్ళ బండిని వాళ్ళు మొదట చూసేది బ్రేకులే.

ఇక్కడే నా గొప్పతనం బయటపడింది. బ్రేకు తొక్కితే ప్యాడ్లు డిస్కును కరుచుకుంటాయి, కాలు తీస్తే వదిలేయాలి. అలా వదలాలంటే వాటిని పట్టుకునే కాలిపర్, వేలంత లావున్న రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. తెప్పించిన వాటిలో పిన్నులు తుప్పు తినేసి ఉన్నాయి. కొత్తవి ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే ఏం, నేను లేనూ? మేనేజర్‌ను అడిగి నాలుగు మధ్యాహ్నాలు అన్నం మానేసి స్టీలుతో నాలుగు పిన్నులు తిప్పాను, గ్రైండింగ్ చేశాను. రంధ్రంలో పెట్టి వదిలితే పిన్ను గాలిని తోసుకుంటూ మెల్లగా, తనంతట తానే దిగింది. మా టూల్‌రూమ్‌లో అందరినీ పిలిచి చూపించాను. నా తర్వాత సీనియర్ అయిన జీవన్, "సార్, గిది షోకేసుల పెట్టాలె" అన్నాడు. పెట్టాల్సిందే అనుకున్నాను నేను కూడా.

శనివారం ఉదయం ఆగయ్య బిగిస్తూ పిన్నును రెండు వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"మస్తుగున్నయ్ సారూ. కానీ జర టైట్ అనిపిస్తుంది. జర అరిగేటట్టు ఒక్క రెండు చేతులు ఎమరీ కాగితం పట్టియ్యనా?"

"అన్నా, నా పీసుకు ఎమరీ ముట్టిచ్చినవంటే ఊకోను. గది టూల్‌రూమ్ పని. కొలిసి చేసింది."

"నీ ఇష్టం సారూ" అని నవ్వి, గ్రీజు పెట్టి బిగించాడు.

శని, ఆది మా దమ్మాయిగూడ కాలనీలోనే తిప్పాను. వెన్నలా ఆగింది బండి. సోమవారం పొద్దున డ్యూటీకి బయల్దేరాను. ట్రాఫిక్ మామూలే, అడుగు తీసి అడుగు వేస్తే బ్రేకు. మల్లాపూర్ దాటేసరికి బండి ముందుకు పోవడానికి బరువుగా ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రం నుంచి పొగ. కాలిన వాసన. షిఫ్టు మారే టైము, అందరూ మల్లవ్వ దగ్గర చాయ్ గ్లాసులతో ఉన్నారు. జీవన్, పవన్‌కుమార్, మా టూల్‌రూమ్ మొత్తం పరుగెత్తుకొచ్చారు. షోకేసులో పెట్టాల్సిన పని చేసిన సారు, పొగలో నిలబడ్డాడు.

ఆగయ్యకు ఫోన్ చేశాను. పావుగంటలో స్కూటర్ మీద వచ్చాడు. ఆయన బండి స్టాండ్ వేసే లోపలే నేను మొదలుపెట్టాను.

"ఏం బిగిచ్చినవన్నా? కండ్లు కనవడుతలేవా నీకు? ఈ శుక్రారం నాకు తనిఖీ ఉన్నది! ముసలోనివైనవ్, చేతగాకపోతే షెడ్డు మూసుకొని ఇంట్ల కూసో!"

ఇంకా ఏవేవో అన్నాను. అవి రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. ఆగయ్య కిందికి వంగి, గుడ్డ చుట్టుకున్న చేత్తో కాలిపర్‌ను కదిపి చూశాడు. కదల్లేదు. తలెత్తి నన్ను చూశాడు. నా వెనక నిలబడ్డ జీవన్‌నూ మిగతా వాళ్ళనూ చూశాడు.

"గ్రీజు సక్కగ పెట్టనట్టున్న సారూ. తప్పయింది" అన్నాడు.

"ఇంకోసారి నా బండిని ముట్టుకోకు."

తలూపాడు. మల్లవ్వ పొయ్యి దగ్గరి ఇటుక ఒకటి తెచ్చి బండి వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టి వెళ్ళిపోయాడు.

"పెద్దమనిషిని గంతగనం అంటరా సారూ" అంది మల్లవ్వ. నేను చెవిన పెట్టలేదు.

చల్లారాక బ్రేకు దానంతటదే వదిలింది. మంగళవారం ఆగుతూ ఆగుతూ కాప్రాలో ఒక గ్యారేజీకి, అక్కణ్ణుంచి ఇంకోదానికి తీసుకెళ్ళాను. ఒకాయన బానెట్ కూడా ఎత్తలేదు. ఇంకొకాయన, "శుక్రవారం లోపలంటే మావల్ల కాదు సార్, తుక్కుకు ఇచ్చేయండి" అన్నాడు. ఆ మాటకు నా తల కొట్టేసినట్టయింది. బుధవారం సెలవు పెట్టి, ఇంటి ముందే జాకీ ఎక్కించి రెండు చక్రాలూ నేనే విప్పాను.

విప్పితే ఏముంది? గ్రీజు నిండుగా ఉంది. రబ్బరు తొడుగుల లోపల దాకా, ఎక్కడా ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా ఆగయ్య పెట్టిన గ్రీజు. పిన్నులు కూడా హాయిగా జరుగుతున్నాయి. అప్పుడు నాకో అనుమానం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి పెద్ద గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.

"అయ్యో, గది పాలగిన్నె! గా మడ్డి దాన్ని అండ్ల ముంచుతవా?" అని రాజ్యం అడ్డం వచ్చింది. వచ్చినా కాలిపర్‌ను పిన్నులతో సహా ముంచాను. మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి, పట్టకారుతో తీసి పిన్నును తోశాను. జరగలేదు. సుత్తితో కొట్టాను. ఊహూఁ. ఇంకో కాలిపర్ కూడా ముంచాను. అదీ అంతే.

అక్కడే వంటింటి గడప మీద కూలబడ్డాను. వేడికి లోహం పెరుగుతుందని, ఒక్కో లోహం ఒక్కోలా పెరుగుతుందని మా దగ్గర చేరిన ప్రతివాడికీ మొదటి రోజు నేనే చెబుతాను. మిషన్‌లో చల్లగా కూర్చునే పీసుకు ఇచ్చే బిగుతును, పొగలు కక్కే బ్రేకుకు ఇచ్చాను. ఆ పొరపాటు టూల్‌రూమ్ వాడు తప్ప ఇంకొకడు చెయ్యడు. షెడ్డులో చేసేవాడెవడైనా కొంచెం వదులు ఉంచుతాడు. ఆగయ్య ఉంచుతానన్నాడు కూడా.

"ఏమైంది, గట్ల కూసున్నవ్?" అంది రాజ్యం.

"నేను మంచోణ్ణి కాదే" అన్నాను. ఆమె కాదనలేదు.

సాయంత్రం పీర్జాదిగూడలో ఆగయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య కిష్టమ్మ. నన్ను చూసి పక్కకు జరగలేదు.

"మళ్ళ తిట్టనీకి ఇంటిదాంక వచ్చినవా సారూ?"

"లేదక్కా. తిట్లు తినిపోదామని వచ్చిన."

లోపల ఆగయ్య కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. నేనూ ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను.

"అన్నా, తప్పు నా పిన్నులది. గ్రీజుది కాదు. నీకు ఎర్కనా?"

"చెయ్యి పెట్టంగనే ఎర్కయింది సారూ."

"మరి గ్రీజు అని ఎందుకన్నవ్? గన్ని తిట్లు ఎందుకు పడ్డవ్?"

ఆగయ్య నన్ను వింతగా చూశాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"నీ కింద పనిచేసేటోళ్ళు అందరు ఆడనే ఉండిరి గద. నీ పీసు తప్పని వాళ్ళ ముంగట ఎట్లంట? రేపు వాళ్ళు నీ మాట ఇంటరా? నాదేముంది, షెడ్డోణ్ణి. తిట్లు నాకు కొత్తనా? జర సేపైనంక నిన్ను పక్కకు పిలిసి చెప్పుదామనుకున్న. ముట్టుకోకు అంటివి, ఇగ ఎల్లిపోయిన."

నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆ మనిషి నా పరువు గురించి ఆలోచించాడు. నా కన్నతండ్రి కూడా నన్ను అంత కాపాడలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను, చిక్కుడుకాయలతో సహా.

"అన్నా, నన్ను మాఫ్ చెయ్యి. నువ్వు లేకుంటే నా బండి లేదు. నేను గూడ ఇంత మనిషిని కాకపోతుంటి."

"ఊకో సారూ, గిప్పుడు గవన్నెందుకు. తనిఖీ ఎల్లుండే గద, ఫికరు చెయ్యకు. కిష్టా, సారుకు కంచం పెట్టు."

కిష్టమ్మ కంచం పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఇంకా కోపంగానే ఉన్నట్టుంది, కానీ రెండో రొట్టె అడగకుండానే వేసింది.

గురువారం షెడ్డులో ఎమరీ కాగితం నా చేతికే ఇచ్చాడు ఆగయ్య. "నీ పీసు, నువ్వే పట్టియ్యి" అన్నాడు. నేను రుద్దడం, ఆయన వేళ్ళతో చూసి "ఇంకో రెండు చేతులు" అనడం. మైక్రోమీటర్ జేబులోనే ఉంది, తియ్యలేదు. బిగించాక ఇద్దరం వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దాకా పోయి వచ్చాం, దారి పొడవునా బ్రేకు తొక్కుతూ. తిరిగొచ్చి జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తోస్తే గిర్రున తిరిగింది.

శుక్రవారం ఆగయ్య కూడా నాతో వచ్చాడు. తనిఖీ చేసినాయన బండిని వేగంగా పోనిచ్చి బ్రేకు తొక్కాడు. అటూ ఇటూ లాగకుండా తిన్నగా ఆగిపోయింది. ఆయన దిగి, "బాగా పెట్టుకున్నరు బండిని, ఎవరు చేస్తరు?" అని అడిగాడు. నేను ఆగయ్యను ముందుకు తోశాను. ఐదేళ్ళు! ఆగయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకున్నాడు. నేనైతే అందరూ చూస్తున్నా సరే ఆయన్ని కౌగిలించుకున్నాను.

అయినా నాకు నిద్ర పట్టాలంటే చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. శనివారం షిఫ్టు మారే టైముకు ఆగయ్యను గేటు దగ్గరికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు, చెబితే రాడు. జీవన్, పవన్‌కుమార్, మా పదకొండు మందినీ మల్లవ్వ దగ్గరికి పిలిచాను.

"సోమవారం ఈ పెద్దమనిషిని మీ ముంగట తిట్టిన. తప్పు నాది. నేను చేసిన పిన్నులు బిగుతైనయి. ఈయన ముందే చెప్పిండు, నేనే ఇనలేదు. నా పరువు పోవద్దని తప్పు తన మీదేసుకున్నడు. ఆగన్నా, నీకు దండం పెడ్త."

నిజంగానే దండం పెట్టాను. ఆగయ్య ముఖం ఎర్రబడిపోయింది.

"గట్ల కాదు బిడ్డా" అన్నాడు జీవన్ వైపు తిరిగి. "సారు ఊకెనే అంటుండు. గ్రీజే తక్కువైంది."

"అన్నా, అబద్ధం ఆడకు! గ్రీజు నిండుగ ఉండె, నేను సూసిన!"

"నువ్వు సూసింది ఎడమదేమో సారూ. కుడి దిక్కు తక్కువుండె."

"రెండూ విప్పిన!"

"వేడికి కారిపోయి మళ్ళ పేరుకుంటది. నీకు తెల్వది."

"నాకు తెల్వదా? నాకా? తప్పు నాదంటే ఇనవేందన్నా!" అని అరిచాను. గట్టిగా అరిచాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా తీరిక లేదు, ఆగయ్య ఇంకా గ్రీజు గురించే చెబుతున్నాడు. మల్లవ్వ చాయ్ పొంగిపోతున్నా చూసుకోవడం లేదు.

చివరికి జీవన్ ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సార్, తప్పు మీదే. మేం నమ్మినం. ఇగ ఒర్లకుండ్రి."

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి వాడు. అందరూ నవ్వారు, నేనూ ముక్కు చీదుకుని నవ్వాను. ఆగయ్య మాత్రం నలుగురి ముందు ఇవాళ్టికీ ఒప్పుకోలేదు.